ఉపాధ్యాయులు - ధూమపానము - పిల్లల కన్నులు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠము)



మన గ్రంథాలయమునకు 25 ఏండ్లు నిండిన ఈ శుభసమయమున నన్నుగూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు కోరిరి. నేను పండితుడను గాను. గ్రామపు లెక్కలు వ్రాసికొనుచు, ఆ లెక్కల నడుమ చిక్కిన తీరికలో భారత భాగవతములును, తాత్పర్యముల సాయమున ఒకటి రెండు ఉపనిషత్తులును చదువుకొన్నవాడను. కావున గ్రంథాలయముల మహిమను గూర్చి చెప్పు పనిని పెద్దలకే విడిచి, మన బడికిని, మన గ్రంథాలయమునకును, మన యిండ్లకును ఉమ్మడియైన ఒక విషయమును ఎత్తుకొనుచున్నాను. అది యేమనగా, చదువు చెప్పు ఉపాధ్యాయుడు తన శిష్యులు చూచుచుండగా చుట్టయో, బీడీయో, సిగరెట్టో కాల్చవచ్చునా, కాల్చరాదా?

రజతోత్సవ సభలో ఇదేమి ప్రస్తావన యని కొందఱకు తోచవచ్చును. బడి విడిచిన తరువాత మన పఠనమందిరమున బల్లల చుట్టు చేరువారిలో పిల్లలు తక్కువవారు కారు. వారికి పుస్తకము పట్టుకొనుట నేర్పినది ఉపాధ్యాయుడు. పుస్తకములోని మాట నమ్మదగినదని నేర్పినదియు ఆయనయే. ఆ నమ్మకము సడలినచో బీరువాల నిండ పుస్తకములున్నను వాని వలన ప్రయోజనము స్వల్పము. కావున ఈ ప్రశ్న గ్రంథాలయపు గడపకు వెలుపలిది గాదు.

భూమికి వలెనే ప్రశ్నకును ముందుగా హద్దురాళ్లు పాతుకొనవలెను. పొగాకు మేలా, కీడా అనునది నేటి ప్రశ్న గాదు. ఆ వ్యాజ్యము ఎన్నడో తీర్పయినది. 1950లో ఇంగ్లాండున డాల్, హిల్ అను ఇద్దఱు శాస్త్రజ్ఞులు సిగరెట్టునకును, ఊపిరితిత్తుల క్యాన్సరునకును గల సంబంధమును లెక్కలతో చూపిరి. 1951లో ఆ దేశపు వైద్యులనే సుమారు 40 వేల మందిని ఎంచుకొని, వారి అలవాట్లను, వారి మరణములను ఏండ్ల తరబడి వ్రాసియుంచు పని మొదలుపెట్టిరి. ఆ లెక్క 50 ఏండ్లు సాగినది. సిగరెట్టు మానక కాల్చినవారు సగటున పదేండ్ల ఆయుర్దాయమును పోగొట్టుకొనుచున్నారని 2004లో తేల్చి చెప్పిరి. నేనును లెక్కలు వ్రాయువాడనే గనుక, అంత ఓపికతో వ్రాసిన లెక్కకు చేతులెత్తి నమస్కరింతును.

ధూమపానము మన ఆయుర్వేదముననే కలదు గదా యని ఒక పెద్దమనిషి నాతో వాదించెను. కలదు. చరకసంహితలో మూలికలను నూఱి, వర్తిగా చేసి, వేళను మితమును పాటించుచు పీల్చు చికిత్స చెప్పబడినది. కాని అందు పొగాకు లేదు. ఉండుటకు వీలును లేదు. పొగాకు అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసువారి ఓడలతో మన దేశమునకు వచ్చినది. జహాంగీరు చక్రవర్తి 1617లోనే దానిని నిషేధించుచు ఆజ్ఞ యిచ్చెనన్నచో, వచ్చిన కొలదికాలమునకే అది యెంత ప్రాకినదో ఊహింపవచ్చును. కావున చరకుని పేరు చెప్పి సిగరెట్టు వెలిగించుట, వేఱొకరి పట్టా చూపి మన పొలము దున్నుకొనుట వంటిది.

ఇక బడి ఆవరణలో కాల్చవచ్చునా యనునదియు నేటి ప్రశ్న గాదు. దానికిని చట్టము సమాధానము చెప్పినది. 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టము బహిరంగ ప్రదేశములలో పొగ త్రాగుటను నిషేధించినది. 2008 అక్టోబరు 2వ తేదీ, గాంధీ జయంతి నాటినుండి ఆ నిబంధనలు మఱింత గట్టిగా అమలులోనికి వచ్చినవి. ఆ చట్టము పేర్కొనిన బహిరంగ ప్రదేశముల వరుసలో విద్యాసంస్థలును, వాని ప్రక్కనే గ్రంథాలయములును కలవు. బడిని, గ్రంథాలయమును ఒక్క వరుసలో నిలిపిన ఆ చట్టకర్తలకు మన రజతోత్సవ సందర్భమున కృతజ్ఞతలు చెప్పవలెను. విద్యాసంస్థకు నూఱు గజముల లోపల పొగాకు వస్తువులు అమ్మరాదనియు, 18 ఏండ్లు నిండనివారికి ఎక్కడను అమ్మరాదనియు అదే చట్టము శాసించుచున్నది.

అట్లయిన మిగిలిన ప్రశ్న యేది? నూఱు గజములు దాటిన తరువాతి ప్రశ్న. నూఱు గజములనగా 300 అడుగులు. బడి వాకిలినుండి బయలుదేఱిన పిల్లవాడు బొంగరము త్రిప్పుకొనుచు పోయినను అయిదు నిమిషములలో ఆ హద్దు దాటును. అచ్చట టీ దుకాణము, చెఱువుగట్టు, రావిచెట్టు అరుగు. ఆ చోట్ల కూర్చుండి ఉపాధ్యాయుడు సిగరెట్టు వెలిగించినచో ఆయన మీద పోలీసు కేసు ఉండకపోవచ్చును. చట్టము గజములతో కొలుచును. పిల్లవాని చూపునకు గజపు కొలత లేదు. చట్టము చేయి సాచలేని ఆ చోటులనే మన మర్యాద ఆరంభము కావలెనని నా మనవి.

ఉపాధ్యాయుల పక్షమున చెప్పదగిన మాటలు మూడు కలవు. అవి తేలికగా త్రోసివేయదగినవి కావు గనుక వానిని సరిగా చెప్పి, తరువాత నా సమాధానము విన్నవింతును. మొదటిది: బడి గంటలు ముగిసిన తరువాత ఉపాధ్యాయుడును మనవంటి గృహస్థుడే, ప్రభుత్వమిచ్చు జీతము పాఠము చెప్పుటకు గాని, పగలు రాత్రి శీలపరీక్షకు నిలబడుటకు గాదు. రెండవది: పిల్లవాని తండ్రి కాల్చును, మేనమామ కాల్చును, రచ్చబండ మీద పెద్దలు కాల్చుదురు, వారినెవ్వరిని అడుగక పంతులుగారినే యేల అడుగవలెను? మూడవది: చాటుగా కాల్చుట దంభము; మంచియో చెడ్డయో ఉన్నదున్నట్లు కనబడుటయే నిజాయితీ. మూడింటిలో ఈ కడపటిదే బలమైనది. దానిని కడపటనే విచారింతము.

మొదటి మాటకు సమాధానము ఆయన పేరులోనే కలదు. ఆచార్యుడనగా ఎవరని పెద్దలు విచారించి, శాస్త్రార్థములను ప్రోగుచేయువాడు, ఇతరులను ఆచారమున నిలుపువాడు, తాను ఆచరించువాడు అని మూడు లక్షణములు చెప్పిరి. మొదటిది జీతపు పని. రెండవది పాఠ్యప్రణాళిక. మూడవది మాత్రము ఏ గంట కొట్టినను ముగియదు. వైద్యుడు ఆసుపత్రి విడిచిన తరువాత దారిలో పడియున్న రోగిని చూచి, వేళ దాటినదని తప్పుకొని పోడు. కొన్ని వృత్తులకు తలుపులు లేవు. అందు బోధనావృత్తి మొదటిది.

మఱియు శిష్యుడు గురువునుండి నేర్చుకొనుటకు గురువు నోరు విప్పనక్కఱలేదు. భారతములో ఏకలవ్యుని కథ మీరందఱు విన్నదే. ద్రోణుడు అతనికి ఒక్క అక్షరము చెప్పలేదు, చేర్చుకొనుటకే సమ్మతింపలేదు. ఆ బాలుడు అడవిలో ద్రోణుని మంటిబొమ్మ చేసికొని, దానినే గురువుగా భావించి, అర్జునుడు సైతము అచ్చెరువొందునంతటి విలుకాడయ్యెను. మంటితో చేసిన గురువు ఎదుట నిలిచియే అంతటి విద్య అబ్బగా, రక్తమాంసములు గల గురువు ఎదుట నిలిచిన పిల్లవానికి ఆయన నడక, మాట, తలపాగ చుట్టు తీరు, చుట్ట పట్టు తీరు అబ్బకుండునా? ఏ బడి అరుగు మీదనైనను ఒక్క పూట నిలబడి చూడుడు. ఒకడు సుద్దముక్కను రెండు వ్రేళ్లసందున ఇఱికించుకొని, మొగము పైకెత్తి, గాలిని పొగవలె ఊదుచుండును. చుట్టు చేరినవారు నవ్వుచుందురు. ఆ అభినయమునకు మాతృక ఎక్కడనో ఉండితీరును.

మన భాషలో ఈ విషయమున మిక్కిలి పదునైన సాక్ష్యము కన్యాశుల్కము. 1892లో మొదటిసారి ప్రదర్శింపబడి, 1897లో అచ్చై, 1909లో పెంపొందిన రూపమున మరల వచ్చిన ఆ నాటకములో గిరీశమును, అతని శిష్యుడు వెంకటేశమును ఎఱుగనివారు ఈ సభలో ఉండరు. మీ వలన నాకబ్బినది చుట్ట కాల్చుట యొక్కటే. పాఠము మాత్రము మీరెన్నడును చెప్పలేదని ఆ శిష్యుడు గురువు మొగముననే నిష్ఠురమాడును. మనము పకపక నవ్వుదుము. కాని ఆ నాటకము వ్రాసిన గురజాడ అప్పారావుగారు విజయనగరమున బడిలోను కళాశాలలోను చదువు చెప్పినవారు. ఉపాధ్యాయుల లోకమును లోపలినుండి చూచిన కన్నులవి. నవ్వు చల్లారిన తరువాత ఆ నిష్ఠురము మన చెవులలో మిగిలిపోవును.

మా ఉపాధ్యాయులను గిరీశముతో పోల్చుచున్నావా యని మీరు కోపగింపవలదు. నేను చెప్పదలచినది దానికి సరిగా ఎదురు మాట. గిరీశము చుట్టను చమత్కారముగా పొగడును. అతని మాటలన్నియు బూటకములని చూచువారికి తెలియును. కొంతకాలమునకు శిష్యునకును తెలియకపోదు. కావున అతని వలన కలుగు చెఱుపునకు ఒక మేర కలదు. మన పంతులుగారు అట్టివారు గారు. వేళకు వత్తురు, ఓర్పుతో చెప్పుదురు, పిల్లవానికి జ్వరము వచ్చినచో ఇంటికి వచ్చి పలుకరింతురు. ఆయన చేయునదంతయు మంచిదేయని పిల్లవాడు నమ్మును. అందుచేతనే ఆయన చేతిలోని సిగరెట్టు గిరీశము చేతిలోని చుట్టకంటె ప్రమాదకరము. ఉపాధ్యాయుడు ఎంత మంచివాడైన అతని అలవాటునకు అంత బలము. చెడ్డ ఉపాధ్యాయునికి ఈ మనవి చేయ పనిలేదు. అతనిని ఎవ్వరును అనుసరింపరు. మంచివారిని గనుకనే ఇంతగా వేడుకొనుచున్నాను.

చూచుటచేతనే ఈ అలవాటు అంటుకొనుననుటకు మహాత్మాగాంధి బాల్యమును మించిన నిదర్శనము అక్కఱలేదు. ఆయన తన ఆత్మకథలో ఈ సంగతి దాచక వ్రాసికొనెను. పినతండ్రి వరుసవారు ఒకరు సిగరెట్టు కాల్చుచుండగా చూచి, ఆయనయు, చుట్టపు పిల్లవాడొకడును ఆ వాసన మీద మోజుతో గాక, నోటినుండి పొగ వదలుటలో ఏదియో వేడుక కలదని ఊహించుకొని, ఆ పెద్దాయన పారవేసిన ముక్కలను ఏఱుకొని కాల్చిరట. ముక్కలు చాలక నౌకరు కాసులు దొంగిలించిరట. కడకు ఆ పరాధీనత భరింపలేక ఉమ్మెత్తగింజలు మ్రింగి చావ తలపెట్టిరట. ధైర్యము చాలక బ్రదికిరి. ఆ పినతండ్రి ఎవ్వరికిని సిగరెట్టు కాల్చుమని చెప్పలేదు. తన పాటికి తాను కాల్చుకొనుచుండెను. అంతే! ఉమ్మెత్తగింజల వఱకు పోయిన ఆ కథ పుట్టుటకు అది చాలినది.

రెండవ మాటకు వత్తము. తండ్రి కాల్చుచుండగా పంతులుగారినే యేల అడుగవలెను? తండ్రిని గూడ అడుగవలసినదే. ఆ పని కడపట చేయుదును. ఐనను ఇద్దఱకు తేడా కలదు. ఒక లెక్క వేయుదము. ఒక ఉపాధ్యాయుని చేతిలోనికి ఏటేట 40 మంది క్రొత్త పిల్లలు వత్తురనుకొనుడు. 30 ఏండ్ల ఉద్యోగములో 1,200 మంది. తండ్రి చూపు ముగ్గురు నలుగురు బిడ్డల మీద ప్రసరించును. ఉపాధ్యాయుని మీద 2,400 కన్నులు ప్రసరించును. 2019లో దేశమంతట 13-15 ఏండ్ల బడిపిల్లలను గూర్చి జరిగిన పరిశీలనలో నూటికి ఎనిమిది మందికి పైగా ఏదో ఒక రూపమున పొగాకు వాడుచున్నట్లు తేలినది. అనగా 40 మంది కూర్చున్న తరగతిలో ముగ్గురు. ఆ ముగ్గురెవరో ఉపాధ్యాయునికి తెలియదు. మొదలుపెట్టవలెనా, వలదా యని ఊగిసలాడుచున్న తక్కినవారెవరో అంతకంటె తెలియదు.

సినిమాలో నాయకుడు కాల్చుట లేదా యని మఱికొందఱు అడుగుదురు. నిజమే. అందుకే 2012 నుండి తెరమీద ఎవరైన సిగరెట్టు వెలిగించినచో క్రింద హెచ్చరిక అక్షరములు వేయవలెనని ప్రభుత్వము నిబంధన పెట్టినది. టీ దుకాణము ముందు కూర్చున్న పంతులుగారి క్రింద ఆ అక్షరములు వేయుటెట్లు?

అన్నిటికంటె పెద్ద భేదము మఱియొకటి కలదు. తండ్రి ఎన్నడును నల్లబల్ల మీద పొగ త్రాగరాదని వ్రాయలేదు. ఉపాధ్యాయుడు వ్రాసినాడు. ఆరోగ్య పాఠములో ఊపిరితిత్తుల బొమ్మ వేసి, పొగ వలన అవి యెట్లు చెడునో వివరించి, దానిని కంఠస్థము చేయించి, పరీక్షలో అడిగి, సరిగా వ్రాసినవానికి మార్కులు వేసినాడు. ఆ సాయంకాలమే ఆ పిల్లవాడు ఆయనను దుకాణము ముందు చూచినాడు. ఇప్పుడు ఆ పిల్లవాడు నేర్చుకొనునదేమి? సిగరెట్టు కాల్చుట నేర్చుకొనునని అందఱు భయపడుదురు. నా భయము అది మాత్రమే గాదు. వాడు సిగరెట్టు ఎన్నడును ముట్టకపోవచ్చును. కాని పాఠము పరీక్ష కొఱకు, బ్రదుకు బ్రదుకు కొఱకు అని వాడు నేర్చుకొనును. పుస్తకములోని మాట పుస్తకములోనే ఉండవలెను గాని చేతిలోనికి రానక్కఱలేదని నేర్చుకొనును.

మా వృత్తిలో ఒక నియమము కలదు. చిట్టాలో ఒక్క పద్దు దొంగపద్దని తేలినచో తనిఖీ అధికారి ఆ పద్దును మాత్రమే కొట్టివేసి ఊరకుండడు. మొదటి పుటనుండి అన్ని పద్దులను అనుమానముతో చూచును. పిల్లవాని మనస్సు అంతకంటె కఠినుడైన తనిఖీదారు. పొగను గూర్చిన పాఠము అబద్ధమని వానికి తోచిన దినమున, సత్యమును గూర్చిన పాఠము, శుభ్రతను గూర్చిన పాఠము, ఇతరుల సొమ్ము ఆశింపరాదను పాఠము అన్నియు వరుసగా అనుమానపు పద్దులగును. ఒక్క సిగరెట్టు వెల కొలది రూపాయలే. దాని వలన పోవునది మాత్రము ఆ వెలతో తీఱునది గాదు.

ఇక మూడవ మాట. చాటున కాల్చుట దంభము గాదా? తైత్తిరీయోపనిషత్తున శీక్షావల్లిలో, చదువు ముగించి ఇంటికి పోవు శిష్యునకు ఆచార్యుడు చేయు ఉపదేశము కలదు. సత్యము పలుకుమని, ధర్మము నడుపుమని, తల్లిని తండ్రిని ఆచార్యుని అతిథిని దైవముగా చూడుమని చెప్పి, ఆ వెంటనే ఆ గురువు ఒక ఆశ్చర్యకరమైన మాట చెప్పును. మా నడవడిలో మంచివి యేవి కలవో వానినే నీవు అనుసరింపుము, తక్కినవానిని గాదు అని ఆ మాటకు తాత్పర్యము. ఆచార్యుని దైవముగా చూడుమన్న నోటితోనే, ఆచార్యునియందు అనుసరింపదగనివియు కలవని ఒప్పుకొనినాడు. మన పూర్వులు గురువును దోషరహితుడని యెన్నడును భ్రమింపలేదు. ఏది శిష్యుని కీయవలెను, ఏది తనయొద్దనే ఉంచుకొనవలెను అను వివేకమును మాత్రము గురువునుండి కోరిరి.

దంభమనగా లేని గుణమును ఉన్నట్లు చాటుకొనుట. తన బలహీనతను ఇతరుల మీద రుద్దకుండ అదుపులో పెట్టుకొనుట దంభము గాదు; అది మర్యాద. దీనిని మనకు వేఱొకరు నేర్పనక్కఱలేదు. మన పల్లెలలో తండ్రి ఎదురుగా వచ్చినచో, 50 ఏండ్ల కొడుకు సైతము చేతిలోని చుట్టను వెనుకకు దాచును. తండ్రికి తెలియదా? తెలియును. తండ్రికి తెలియునని కొడుకునకును తెలియును. ఐనను దాచును. గురువుగారు కనబడినచో చదువు మానివేసి ఇరువదియేండ్లయిన శిష్యుడు సైతము సిగరెట్టు క్రింద వేసి కాలితో నలిపి, చేతులు జోడించును. దీనినెవ్వరును దంభమనరు. పెద్దల యెడ గౌరవమందురు.

నేను ఉపాధ్యాయ మహాశయులను అడుగుచున్నది ఈ గౌరవమును ఒక్కసారి త్రిప్పి చూడుమని మాత్రమే. శిష్యుడు గురువును చూచి సిగరెట్టు నలుపుచున్నాడు. గురువు శిష్యుని చూచి ఏల నలుపరాదు? చిన్నవాడు పెద్దవానికి ఇచ్చు మర్యాద పెద్దవాడు చిన్నవానికి ఇచ్చినచో పెద్దఱికము తఱుగదు. పుస్తకముల సంచి భుజమున వ్రేలాడుచు ఆ మలుపులో కనబడిన పదేండ్ల బాలుని చూచి, ఒక పెద్దమనిషి చేతిలోని నిప్పును చల్లార్చుకొనెనా, ఆ బాలునకు అంతకంటె గొప్ప సన్మానము లేదు. వాడు దానిని చూడకపోయినను అది సన్మానమే.

ఐతే దాచుట వేఱు, అబద్ధమాడుట వేఱు. ఆ హద్దును చెఱపరాదు. ఎవడో గడుసు పిల్లవాడు, అయ్యా, మీరు సిగరెట్టు కాల్చుదురా యని సూటిగా అడిగినచో, గురువు లేదని బొంకరాదు, గద్దింపనురాదు. అవును నాయనా, చిన్నతనమున అలవాటైనది, మానవలెనని యున్నది, మానుట కష్టముగా నున్నది, నీవు మొదలుపెట్టకుము అని చెప్పవలెను. ఉపనిషత్తులోని గురువు చెప్పిన మాటయే ఇది. ఆ ఒక్క మాట వలన గురువు మీది నమ్మకము పెరుగునే గాని తఱుగదు.

అలవాటు వలన శిష్యునకు కీడు మూడినప్పుడు గురువు ఏమి చేయవలెనో భారతములోనే ఒక కథ కలదు. బృహస్పతి కుమారుడైన కచుడు మృతసంజీవనీ విద్య నేర్వగోరి శుక్రాచార్యునికి శిష్యుడయ్యెను. అది గిట్టని రాక్షసులు కచుని చంపి, కాల్చి, ఆ బూడిదను సురలో కలిపి గురువునకే ఇచ్చిరి. శుక్రుడు ఎప్పటివలెనే త్రాగెను. తన అలవాటు త్రోవను తన శిష్యుడే తన కడుపులోనికి పోయెనని తరువాత తెలిసెను. కడుపులోనున్న శిష్యునకు విద్య చెప్పి, తన ప్రాణమును ఒడ్డి వానిని బ్రదికించుకొనెను. శిష్యుడు వెలికి వచ్చి గురువును బ్రదికించెను. ఆ పిమ్మట శుక్రుడు రాక్షసులను తిట్టి ఊరకుండలేదు. సురను నిందించి, నాటినుండి దానిని త్రాగుట మహాపాతకమని కట్టడి చేసెను. తన శిష్యుని మ్రింగిన అలవాటును గురువు క్షమింపలేదు. లోకమునకు ఒక మర్యాద పుట్టినది శిష్యునిమీది ఆ ప్రేమనుండియే. ఈ కథ పొగాకును గూర్చినది గాదు. కాని గురువు చేతిలోని పాత్రలో శిష్యుని బూడిద ఉండవచ్చునను హెచ్చరిక ఇంత స్పష్టముగా మఱెక్కడను నేను చదువలేదు.

ఒక చిన్న ఆచారమును గూర్చి గట్టిగా చెప్పవలసియున్నది. వెనుకటి వీథిబడులలో పంతులుగారి చుట్టకు నిప్పు తెచ్చుట శిష్యుని సేవలలో ఒకటి. ఆ వాసన నేటికిని పూర్తిగా పోలేదు. ఒరే అబ్బాయీ, దుకాణమునకు పోయి ఒక సిగరెట్టు పెట్టె తెమ్ము అనుమాట బడులలో అరుదైనను, ఇండ్లలో నిత్యము వినబడుచున్నది. 18 ఏండ్లలోపు వానికి అమ్మిన దుకాణదారు నేరస్థుడగునని చెప్పితిని. 2015 నాటి బాలల న్యాయచట్టము ఇంకను ముందునకు పోయి, బాలునకు పొగాకు వస్తువు ఇచ్చినవానికి, ఇప్పించినవానికి ఏడేండ్ల వఱకు కఠిన శిక్షయు, లక్ష రూపాయల వఱకు జరిమానాయు విధించుచున్నది. చట్టభీతి అటుంచుడు. మన చేతి అలవాటును బిడ్డ చేతికిచ్చి నడిపించుట న్యాయమా?

ఈ సభలో పొగాకు పండించు రైతులు కలరు. నీవు తినుచున్న అన్నము ఎక్కడిదని వారు నన్ను అడుగవచ్చును. గుంటూరు, ప్రకాశము మండలములలో వర్జీనియా పొగాకు వంద సంవత్సరములుగా ఎన్ని కుటుంబములను నిలిపినదో, ఎన్ని కుటుంబములను అప్పులలో ముంచినదో మీకు నాకంటె బాగుగా తెలియును. పొగాకు బోర్డు 1976లో మన గుంటూరున వెలసినది. పంట మార్చవలెనా, మార్చినచో ఏది వేయవలెనను చర్చ పెద్దది; దానికి ఈ వేదిక చాలదు. నేను మీ బ్యారనులను కూల్చుమనుట లేదు. పచ్చాకు కోతలో తడియాకు తగిలి కడుపు త్రిప్పి, తల తిరిగి పడిపోయిన కూలివారిని చూచినవారు మీరు. ఆ ఆకు గుణము మీకంటె ఎఱిగినవారెవరు? పండించుచున్నాము గనుక మన పిల్లలు పీల్చవలెనను నియమము లేదు. ఎండ్రిన్ కొనితెచ్చి పొలమున చల్లిన రైతు దానిని ఉగ్గుగిన్నెలో పోయలేదు గదా!

ఇంతవఱకు ఉపాధ్యాయులను అడిగితిని. ఇక గ్రామస్థులమైన మన వంతు. ఈ అలవాటు మానుట మాటలతో అగు పని గాదు. పొగాకులోని నికోటిను పీల్చిన కొలది క్షణములలోనే మెదడును చేరి, మరల మరల తన్ను కోరునట్లు చేయును. కావున మానలేని ఉపాధ్యాయుని బలహీనుడని ఎత్తిపొడుచుట అవివేకము. అంతకంటె అవివేకము పిల్లల యెదుట ఆయనను నిలదీయుట. గురువు గౌరవమును కాపాడుటకై ఆరంభించిన ప్రయత్నము ఆయనను అవమానించుటతో ముగిసినచో మనము చెట్టెక్కి కూర్చున్న కొమ్మను నఱికినట్లే. చెప్పదలచినవారు ఏకాంతమున, చేతులు జోడించి చెప్పుడు. మానదలచువారికి తోడ్పడుటకు 2016 నుండి కేంద్ర ప్రభుత్వము ఉచిత దూరవాణి సేవ నడుపుచున్నది. దాని సంఖ్య 1800-11-2356. ఈ సంఖ్యను మన గ్రంథాలయపు ప్రకటన బల్లమీద వ్రాయింపుమని కార్యవర్గమువారిని కోరుచున్నాను.

తండ్రులారా! మీ సంగతి కడపట చెప్పుదునంటిని. ఇంటి అరుగు మీద మీరు వెలిగించుచు, బడి అరుగు మీద పంతులుగారు వెలిగింపరాదనుట న్యాయము గాదు. ఉపాధ్యాయుని అడుగు హక్కు మనకు రావలెనన్న, ముందు మన చేతిలోని దానిని నలుపవలెను. దుకాణదారు మిత్రులకు ఒక మాట. పలక చేతబట్టుకొని వచ్చిన పిల్లవానికి పొట్లము ఇచ్చి, మీ నాయనకే గదా యని సరిపెట్టుకొనవలదు. నాయననే రమ్మని చెప్పుడు.

ఉపాధ్యాయ మహాశయులారా! మానగలవారు మానుడు, అది ఉత్తమము. మానలేనివారు శిష్యుని కంటబడనిచోట, శిష్యుని వస్తువుగాని, చేయిగాని, అడుగుగాని దానికి వాడుకొనక, మీ బలహీనతను మీయొద్దనే ఉంచుకొనుడు, అది మధ్యమము. ఇది నా ఇష్టము, చూచువారు చూతురు గాక యనుట మాత్రము మీ పేరునకు తగదు. ఎవ్వరు చూడకున్నను సరిగా వ్రాయువాడు మంచి లెక్కరియని మా పెద్దలు చెప్పెడివారు. మీ లెక్కను చూచువారు మాత్రము ఎల్లప్పుడును కలరు. వారికి పదేండ్లు, పండ్రెండేండ్లు. వారు కలము పట్టి వ్రాయరు, వ్రాసినది చెఱిపివేయరు.

మన గ్రంథాలయములో ఈ 25 ఏండ్లుగా చేరిన పుస్తకములన్నింటిని ఒక్కొక్క పిల్లవాడు చదువలేకపోవచ్చును. ఉపాధ్యాయుని మాత్రము ప్రతి పిల్లవాడును చదువును. మొదటి పుటనుండి కడపటి పుటవఱకు చదువును. ఆ పుస్తకము నిర్మలముగా నుండుగాక యని కోరుచు, ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును జరుపుకొనవలెనని సర్వేశ్వరుని ప్రార్థించుచు విరమించుచున్నాను.

స్వస్తి.